ఊపిరి తప్ప మిగతావన్నీ

ఇస్త్రీ అక్కయ్యతో పేచీ పెట్టుకుని నెగ్గిన మనిషి మా వీధిలో లేడు. కోటు మీద మరక ముందే ఉందా, దుకాణంలో పడిందా అన్న తగువులో బ్యాంకు మేనేజరంతటివాడు చేతులెత్తేశాడు. గుమ్మానికి అడ్డంగా కారు నిలిపిన పోలీసాయన సారీ చెప్పి కారు తీసుకుపోయాడు. అద్దె పెంచుతానని వచ్చిన ఇంటాయన, కారుతున్న కుళాయి బాగుచేయిస్తానని మాటిచ్చి వెళ్ళాడు. అలాంటి అక్కయ్య ఒక్కసారే ఓడిపోయింది, అదీ సొంత దుకాణంలో. ఆ ఓటమిని ఇప్పుడు తన గెలుపుగా చెప్పుకు తిరుగుతోంది. నాకు మాత్రం రెండూ తెలుసు. ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ ఊరి కబుర్లు వినడం నాకు పాత అలవాటు.

అది రెండు గదుల దుకాణం. ముందు గదిలో కౌంటరూ, దాని వెనక ఇనప కమ్మీ నిండా పాలిథిన్ తొడుగుల్లో బట్టలూ వేలాడుతుంటాయి. అది అక్కయ్య రాజ్యం. బట్టలు తీసుకోవడం, చీటీ పిన్ను చేయడం, తిరిగి ఇవ్వడం, మధ్యమధ్యలో దెబ్బలాడటం ఆవిడ పనులు. వెనక గది నిండా ఆవిరి. పైకప్పు కొక్కేనికి వేలాడే గొట్టంతో పెద్ద ఇస్త్రీపెట్టె, కాలితో తొక్కితే ఆవిరిని లోపలికి పీల్చుకునే బల్ల, మూలన బుసలు కొట్టే బాయిలరు. అక్కడ ఉండేది చిన్నావిడ, అక్కయ్యకు తోడికోడలు. మనిషి బయటికి కనపడేది తక్కువ. ఆవిడ చేతి పని మాత్రం ఊళ్ళో సగంమంది మెడ చుట్టూ ఉంటుంది. కాలరు అంత నిటారుగా నిలబెట్టడం ఆవిడకే చెల్లింది.

అన్నదమ్ములిద్దరూ ఒకే కంపెనీలో ఉద్యోగాలు దొరికి, భార్యలతో ఈ దేశం వచ్చారు. అన్నగారు, అంటే అక్కయ్య మొగుడు, గుండెపోటుతో పోయాడు. తిరిగి వచ్చేయమని చుట్టాలంతా ఫోన్లు చేస్తే అక్కయ్య, "వచ్చి మీ ఇంట్లో ఏ మూల కూర్చోమంటారో ముందు చెప్పండి" అని ఒక్కొక్కరినీ అడిగిందట. ఎవరూ మూల చూపించలేదు. ఈవిడ ఇక్కడ ఉండటానికి పర్మిటూ, దుకాణానికి లైసెన్సూ తన పేరు మీదే తెచ్చుకుని దుకాణం తెరిచింది. చిన్నావిడ రోజూ సాయానికి వచ్చేది. సాయం కాస్తా పనైంది. పనంతా ఆవిడదే అయింది. ఈలోగా ఆవిడ మొగుడు పక్క ఊళ్ళో ఇంకో కాపురం పెట్టాడు. అక్కయ్య ఒక మధ్యాహ్నం టాక్సీ కట్టించుకు వెళ్ళి, తోడికోడలినీ ఆవిడ పెట్టెనీ తన ఇంటికి తెచ్చేసుకుంది. మరిది తరఫున మాట్లాడబోయిన పెద్దమనిషితో, "అతను నాకు మొగుడి తమ్ముడు మాత్రమే. ఇది నా చెల్లెలు. మీరు బయల్దేరండి" అంది.

ఆ మరిది ఎంత ఘనుడంటే, విడాకుల కాగితాలు కోర్టులో ఉండగానే తన కోటును ఈ దుకాణానికే ఇస్త్రీకి పంపించాడు. ఊళ్ళో ఇంకెవరికీ పని రాదని చెప్పాడట. అప్పుడు నేను స్టూలు మీదే ఉన్నాను. కోటు తెచ్చిన డ్రైవరును అక్కయ్య పైనుంచి కిందికి చూసి, లోపలికి కేకేసింది.

"ఏమే, నీ మొగుడిగారి కోటొచ్చింది. చూస్తావా?"

"ఊలుదా?" అంది చిన్నావిడ లోపల్నించి. "ఊలుదైతే తడిగుడ్డ వేసి చేయాలి. రేపు సాయంత్రం రమ్మను."

"రేపూ లేదు, సాయంత్రమూ లేదు!" అంటూ అక్కయ్య ఆ కోటును రొట్టెపిండిలా పిసికి ముద్దచేసి డ్రైవరు చేతిలో పెట్టింది. "ఈయన ముడతలు మా దగ్గర పోవని చెప్పు."

డ్రైవరు వెళ్ళాక చిన్నావిడ గుమ్మంలోకి వచ్చి, "చేసిచ్చి డబ్బులు తీసుకోవాల్సింది. పని పనే కదక్కా" అంది.

"నీకు రోషం లేదే!"

చిన్నావిడ లోపలికి వెళ్ళి పెడల్ తొక్కింది. ఆవిడకు రోషం లేదనే నేనూ అనుకున్నాను.

విడాకులు వచ్చిన వెంటనే అతను, ఉద్యోగుల కుటుంబాలకు కంపెనీ ఇచ్చే కార్డులో ఆవిడ పేరు తీయించేశాడు. చిన్నావిడ ఈ దేశంలో ఉండటానికి పర్మిటు ఆ కార్డు మీదే నడుస్తోంది. వైద్యబీమా కూడా దాని మీదే. ఒక్క పేరు కొట్టేస్తే రెండూ పోయాయి. నివాస పర్మిట్లు ఇచ్చే ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చలికాలం ముగిసేలోగా సొంతంగా పర్మిటు తెచ్చుకోవాలి, లేదా దేశం వదలాలి. పర్మిటు కావాలంటే బతుకుతెరువు ఏమిటో చూపించాలి, ప్రైవేటు వైద్యబీమా ఒకటి తీసుకోవాలి. ఆ బీమాలో ఏ జబ్బుకూ మినహాయింపు ఉండకూడదు.

ఇద్దరూ కలిసి ఆ ఆఫీసుకు వెళ్ళారు. అక్కడ జరిగింది అక్కయ్య నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడే చెప్పింది.

"ఈమెను ఎవరు పోషిస్తున్నారు? అని అడిగిందా ఆఫీసరమ్మ. నేనే అన్నాను. మీరు ఈమెకేమవుతారు? అంది. ఈమె మొగుడికి నేను వదినను అన్నాను. మొగుడు లేడు కదా? అంది. నా మొగుడూ లేడు, ఈమె మొగుడూ లేనట్టే, అందుకే మేమిద్దరం ఉన్నాం అన్నాను. అప్పుడా మహాతల్లి ఏమందో తెలుసా? అయితే మీ ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదన్నమాట, అని రాసేసుకుంది! ఒక కంచంలో తిని, ఒక దుప్పటి కింద ఏడ్చినవాళ్ళం, మాకు చుట్టరికం లేదట!"

"మరి మీరేమన్నారు?"

"ఏమనాలి? నీ పెన్ను విరిగిపోనూ అన్నాను. మన భాషలోలే."

ఆ మర్నాటి నుంచి బీమా వేట మొదలైంది. బీమాలు అమ్మే మనవాడు ఒకాయన ఉన్నాడు. ఇక్కడ ఎప్పట్నుంచో స్థిరపడిన ఒక ఇంటి అమ్మాయిని చేసుకుని వచ్చాడు కాబట్టి మనవాళ్ళందరికీ అల్లుడుగారే. ఎవరింటికి వెళ్ళినా కుర్చీ వేస్తారు, టీ ఇస్తారు, అల్లుడు చిన్నబుచ్చుకుంటాడేమోనని పాలసీ కూడా తీసుకుంటారు. ఆయన నున్నటి బ్యాగుతో వచ్చి కౌంటరు మీద రంగురంగుల కాగితాలు పరిచాడు.

"పర్మిటు కోసమే కదండీ. అందరూ ఇదే తీసుకుంటారు. చవక."

తీసుకున్నారు. పర్మిట్ల ఆఫీసు వారం తిరక్కుండా వెనక్కి పంపింది. అక్కయ్య ఆయన్ని పిలిపించి, కుర్చీ వేసి, టీ మాత్రం ఇవ్వలేదు.

"అల్లుడుగారూ, ఇది ఊరు చూడటానికి వచ్చినవాళ్ళ పాలసీ అట. కాలు విరిగితేనే చూస్తారట. మా చిన్నది ఊరు చూడటానికి వచ్చిందా? ఇన్నేళ్ళయినా పాపం సముద్రం ఎటుందో కూడా చూళ్ళేదు."

రెండోసారి ఆయన తెచ్చిన దాంట్లో ఆస్పత్రి ఖర్చు సగం కంపెనీ పెట్టుకుంటుంది, సగం మనం కట్టుకోవాలి. అదీ పనికిరాదని ఆఫీసువాళ్ళు ముందే రాసి ఉన్నారని నేనే చదివి చెప్పాను. అల్లుడుగారు నా వంక అదోలా చూసి, మూడోది తీశాడు. అది పెద్ద కంపెనీ, పెద్ద పాలసీ. అయితే ముందు ఆరోగ్యం గురించి ప్రశ్నలుంటాయి.

ప్రశ్నలు చిన్నావిడ గురించి, జవాబులు అక్కయ్యవి.

"పొగ తాగుతారా?"

"మేమా! పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఆవిరే మమ్మల్ని తాగుతోంది. రాయి, లేదని."

"మందు?"

"ఏం మాటలవి? అల్లుడివని ఊరుకుంటున్నాను."

"ఆపరేషన్లు?"

"పెళ్ళొక్కటే అయింది."

"ఊపిరితిత్తుల జబ్బులేమైనా?"

అక్కయ్య నోరు తెరిచింది, ఆగింది. సరిగ్గా ఆ వేళే వెనక గదిలోంచి బుస్సుమని చిన్న చప్పుడు వచ్చింది. బాయిలరుది కాదు. చిన్నావిడకు ఉబ్బసం. ఆప్రన్ జేబులో నీలం పంపు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చలిగాలి తగిలినా, ఉన్ని బట్టల నూగు ఎక్కువైనా దాన్ని నోట్లో పెట్టుకుని నొక్కుకోవాలి.

అల్లుడుగారు పెన్ను మూసి, గొంతు తగ్గించాడు. "లేదని రాసేద్దామండీ. ఎవరు చూడొచ్చారు?"

"రాసెయ్" అంది అక్కయ్య క్షణం కూడా ఆలోచించకుండా. "వాళ్ళు మా చుట్టరికం లేదని రాసుకోలేదూ? మేమూ ఉబ్బసం లేదని రాసుకుంటాం."

"వద్దు."

చిన్నావిడ గుమ్మంలో నిలబడి ఉంది. మొహం చెమటతో మెరుస్తోంది, చేతిలో ఇంకా పంపు ఉంది.

"రేపు ఊపిరాడక పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్తావు కదా. వాళ్ళు బీమా కంపెనీకి ఫోన్ చేస్తారు కదా. ఈవిడకు ఉబ్బసమే లేదే, మా దగ్గర కాగితం ఉందే అంటే ఏం చేస్తావక్కా? నాకు ఉన్నది ఉన్నట్టు రాయండి అల్లుడుగారూ."

రాశారు. కంపెనీ నుంచి జవాబు వచ్చింది. సంతోషంగా చేర్చుకుంటామన్నారు. కాకపోతే ఊపిరితిత్తులకూ శ్వాసకూ సంబంధించిన ఏ వైద్యానికీ డబ్బివ్వరట. ఒక్క మినహాయింపు ఉన్నా ఆ పాలసీ పర్మిటుకు చెల్లదు. అక్కయ్య ఆ కాగితం పట్టుకుని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చూపించింది. కోటు కోసం వచ్చిన వాడికి, ప్యాంటు కోసం వచ్చిన వాడికి, దారి అడగటానికి వచ్చిన వాడికి కూడా.

"చూశారా? ఊపిరి తప్ప మిగతావన్నీ చూస్తారట! ఊపిరే ఆగితే మిగతావి చూసేదెందుకు, ఫోటో తీయించుకోవడానికా?"

చలి ముదిరింది. చెట్ల మీద ఆకు లేదు. దారినపోయే వాళ్ళంతా మందపాటి కోట్లు తెచ్చి పడేస్తుంటే వెనక గదిలో నూగు లేస్తోంది, పంపు చప్పుడు ఎక్కువైంది. గడువు దగ్గర పడుతున్న కొద్దీ అక్కయ్య గొంతు పెరిగింది. దాన్ని పంపేస్తే తనూ పోతానంటుంది, వెంటనే "నేనెందుకు పోవాలి, ఎవరూ పోరు" అంటుంది. రోజూ ఒక బీమా ఆఫీసుకు వెళ్ళి ఎవరో ఒకరితో పోట్లాడి వచ్చేది. అన్నిచోట్లా అవే మాటలు. ఆరోగ్యవంతులకు అన్ని తలుపులూ తెరిచే ఉన్నాయి.

అల్లుడుగారిలో మంచితనం లేకపోలేదు. ఒకరోజు పిలవకుండానే వచ్చాడు.

"నిన్న మా ఆఫీసులో అడిగానండీ. ఒక దారుంది. విడిగా ఒక మనిషికి పాలసీ అయితే జబ్బులు అడుగుతారు. కంపెనీ పాలసీ అయితే అడగరు. యజమాని తన దగ్గర పనిచేసే వాళ్ళందరినీ కలిపి ఒకే పాలసీలో చేర్చాలి. చిన్న దుకాణాలకు కూడా ఇస్తారు. యజమాని కాకుండా ఒక్క ఉద్యోగి ఉన్నా చాలు. మినహాయింపులేమీ ఉండవు. మీ దుకాణంలో జీతానికి ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు" అంది అక్కయ్య గర్వంగా. "బయటివాళ్ళ చేత చేయించుకోవాల్సిన ఖర్మ మాకేం పట్టలేదు. నేనూ, మా చిన్నదీ. ఇద్దరం ఇంటివాళ్ళమే."

లోపల ఇస్త్రీపెట్టెను దాని రేకు మీద పెట్టిన చప్పుడైంది.

"నేనున్నాను కదా" అంది చిన్నావిడ.

"ఎక్కడున్నావు?"

"ఇక్కడే, ఈ దుకాణంలో. పని చేస్తున్నాను కదా."

"నువ్వు జీతగత్తెవా? ఛీ, ఏం మాటే అది! నా చెల్లెల్ని పట్టుకుని పనిమనిషని రాయించనా? మరిది వదిలేసిన దాన్ని తెచ్చి ఊడిగం చేయించుకుంటోందని లోకం నా మొహాన ఉమ్మెయ్యదూ?"

"ఇప్పుడు చేస్తున్నదేమిటక్కా మరి?"

మెల్లగానే అంది. అల్లుడుగారు బ్యాగు సర్దుకోసాగాడు. నేను టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాను.

"జీతగత్తెనే. జీతం లేదు, అంతే తేడా" అంది చిన్నావిడ. "సబ్బు కావాలన్నా నిన్నే అడగాలి, బస్సుకు చిల్లర కావాలన్నా నిన్నే అడగాలి. నువ్వు ఎప్పుడూ లేదనలేదు. అడగడమైతే అడగాలి కదా. ఇంటి మనిషివి, నీకు జీతమేంటని అన్నావు. ఆయన కార్డులో నా పేరు ఉండేది, తీసేశాడు. నీ లైసెన్సులో ఎప్పుడూ లేదు, తీయాల్సిన పని కూడా రాలేదు. ఆఫీసరమ్మ నీ బతుకుతెరువు ఏంటని అడిగితే నువ్వు జవాబు చెప్పావు. నాకు చెప్పడానికి ఏముంది?"

అక్కయ్యకు మాట రాకపోవడం నేను చూసింది అదొక్కసారే. ఆవిడ కౌంటరు కింద నుంచి తాళాలు తీసుకుని, పట్టపగలు దుకాణం మూసే బోర్డు తిప్పేసి, మా ఇద్దర్నీ బయటికి తోలేసింది.

తర్వాత కొన్నాళ్ళు ఆ దుకాణంలో మాటల్లేవు. పనంతా నా మీదుగా జరిగింది. "ఆ నీలం చొక్కా అయిందేమో అడుగు" అని అక్కయ్య నాతో అనేది. "బొత్తం ఊడింది, కుట్టాలని చెప్పండి" అని లోపల్నించి జవాబు వచ్చేది. ఇద్దరికీ మధ్య ఒక తెర మాత్రమే ఉంది. నేను ఇద్దరు పెంకిఘటాల మధ్య టెలిఫోను తీగలా వేలాడాను.

"దానికి విశ్వాసం లేదు" అని అక్కయ్య నాతో అంది, వెనక గదికి వినపడేలా. "ఎవరు తీసుకొచ్చారు దాన్ని ఆ ఇంట్లోంచి? ఎవరు పెట్టారు తిండి?"

లోపల పెడల్ చప్పుడు కాస్త గట్టిగా వినపడింది. కాసేపటికి అదీ ఆగిపోయింది. పంపు నొక్కిన చప్పుడు వచ్చింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ. అక్కయ్య మాట మధ్యలో ఆగి తల తిప్పింది. తెర ఎలా లాగిందో, కమ్మీతో సహా ఊడి కింద పడింది.

చిన్నావిడ బల్ల అంచు పట్టుకుని వంగిపోయి ఉంది. భుజాలు రెండూ చెవుల దాకా లేస్తున్నాయి, గాలి మాత్రం లోపలికి పోవడం లేదు. గొంతులో పిల్లికూతలు. అక్కయ్య బాయిలరు కట్టేసింది, వెనక తలుపు తన్ని తెరిచింది, ఉతికిన బట్టల మూట మీద తోడికోడల్ని కూర్చోబెట్టి వీపు వెనక మోకాలు ఆన్చి నిలబడింది. "పీల్చు. మెల్లగా. ఇంకోసారి నొక్కు. ఏమీ కాదు, నేను లేనూ? పీల్చవే, తల్లీ." నేను ఆస్పత్రికి ఫోన్ చేస్తానంటే అక్కయ్య నా వంక చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తే. ఫోన్ చేయమనీ ఉంది, వద్దనీ ఉంది. అక్కడికి వెళ్ళగానే మొదట అడిగేది బీమా కార్డు.

నేను నంబరు నొక్కబోతుండగా పిల్లికూతలు కాస్త తగ్గాయి. ఇంకాసేపటికి చిన్నావిడ పెదాలకు రంగు తిరిగి వచ్చింది. కళ్ళు తెరిచి అక్కయ్యను చూసింది. అన్ని రోజుల తర్వాత నేరుగా ఆవిడతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"నా జీతం ఎంత?"

"ఊపిరి రాగానే అడిగేది ఇదా?" అంది అక్కయ్య.

"ఊపిరున్నప్పుడే అడగాలి కదా."

అక్కయ్యకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పైట చెంగుతో మొహం తుడుచుకుంటూ ఆ మూట మీదే పక్కన కూలబడింది. అసలు సంగతి అప్పుడు బయటపడింది.

"జీతం తీసుకునే మనిషి మానేసి వెళ్ళిపోవచ్చు కదే. రేపు నీకు పర్మిటు వస్తుంది, చేతిలో డబ్బుంటుంది. వీధి చివర నువ్వే దుకాణం పెడతావు. నీ చేతి పని కోసం అందరూ అటే వస్తారు. ఇంటి మనిషివైతే నన్ను వదిలి ఎక్కడికి పోతావు?"

చిన్నావిడ కాసేపు ఊపిరి తీసుకుంది.

"పోదలచుకుంటే ఎప్పుడో పోయేదాన్నక్కా. జీతం లేకుండా కూడా పోవచ్చు, కాళ్ళున్నాయి. నన్ను పోనివ్వకుండా పట్టుకోవడానికా ఆ ఇంట్లోంచి తీసుకొచ్చావు?"

అక్కయ్య కింద పడ్డ తెరను చేతుల్లోకి తీసుకుని, దాని మడతలు సరిచేస్తూ కూర్చుంది. తర్వాత నా వైపు తిరిగి, నేనే ఏదో తప్పు చేసినట్టు కసిరింది.

"ఇంకా చూస్తావేంటి? అల్లుడుగారికి ఫోన్ చెయ్యి. టీ పెడుతున్నానని చెప్పు."

ఒకసారి ఒప్పుకున్నాక అక్కయ్యను ఆపడం ఎవరి తరమూ కాదు. ఓడిన సంగతి ఆవిడ ఆ సాయంత్రమే మర్చిపోయింది. అల్లుడుగారు ఉద్యోగి హోదా ఏం రాయమంటారని అడిగితే, "మేనేజరని రాయి" అంది.

"నాకు ఇస్త్రీ చేసే మనిషినని రాస్తే చాలు" అంది చిన్నావిడ.

"నోర్ముయ్. మొదటి రోజే యజమానికి ఎదురు చెప్తావా? మేనేజరు!"

"మరి మీరేం చేస్తారని రాయనండీ?" అన్నాడు అల్లుడుగారు.

"నేను యజమానిని. అరుస్తానని రాసుకో."

జీతం దగ్గర మళ్ళీ ఒక యుద్ధం జరిగింది. ఈసారి అక్కయ్య ఎక్కువ ఇస్తానంటుంది, చిన్నావిడ దుకాణం తట్టుకోదు, అంత వద్దంటుంది. నేను ఎప్పుడూ చూడని తగువు అది. చివరికి అల్లుడుగారే మధ్యేమార్గం చెప్పి బతికి బయటపడ్డాడు. పాలసీ వచ్చింది. అందులో ఊపిరితో సహా అన్నీ ఉన్నాయి. అక్కయ్య దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది.

పర్మిట్ల ఆఫీసుకు వాళ్ళతో నేనూ వెళ్ళాను. ఆ ఆఫీసరమ్మే ఉంది. చూడటానికి రాక్షసిలా ఏమీ లేదు. జలుబు చేసిన, అలసిపోయిన నడివయసు మనిషి. అక్కయ్య ఆవిడ ముందు కుర్చీలో కూర్చోలేదు. చిన్నావిడను కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది.

"బతుకుతెరువు ఏమిటి?" అని ఆఫీసరమ్మ అడిగింది.

అక్కయ్య నోరు తెరవబోయింది. చిన్నావిడ వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి ఆపింది. తనకు వచ్చిన కాస్త భాషలోనే, ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చింది.

"నేను పని చేస్తాను. ఇస్త్రీ. జీతం ఉంది. బీమా ఉంది. నా పేరు మీద."

ఆఫీసరమ్మ కాగితాలు తిప్పింది. పాలసీ చివరి పేజీ దాకా చదివింది. మినహాయింపుల కోసం వెతుకుతోందని నాకు అర్థమైంది. దొరకలేదు. ముద్ర తీసి గుద్దింది. అక్కయ్య ఇక పట్టలేకపోయింది.

"అమ్మా, మొన్న మాకు చుట్టరికం లేదని రాసుకున్నారు కదా. అది అలాగే ఉండనివ్వండి, కొట్టేయొద్దు. మా చుట్టరికం మీ పుస్తకంలో పట్టదు. ఉద్యోగం మాత్రం రాసుకోండి."

నేను భాష మార్చి చెప్పాను. కొంచెం మెత్తబరిచే చెప్పానని ఒప్పుకుంటాను. ఆఫీసరమ్మ ముక్కు తుడుచుకుని, చిన్నావిడ కోటు కాలరు వంక చూస్తూ, "మీ దుకాణం ఎక్కడ?" అని అడిగింది.

చలి పోయి ఎండలు వచ్చాయి. వెనక తలుపుకు జాలీ బిగించారు, నూగును లాగేసే ఫ్యాను ఒకటి పెట్టారు. మేనేజరు హోదాలో చిన్నావిడ చేసిన మొదటి పని అదే. రెండో పని, వారానికి ఒక రోజు సెలవు. ఉద్యోగికి సెలవివ్వాలని చట్టంలో ఉందని అల్లుడుగారు చెప్పినప్పుడు అక్కయ్య, "సెలవా? అదేం చేసుకుంటుంది సెలవు?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది.

మొదటి సెలవు రోజున నేను పని గట్టుకుని దుకాణానికి వెళ్ళాను. వెనక గదిలో అక్కయ్య ఒక్కతే ఉంది. పెడల్ తొక్కడం మర్చిపోతోంది, తొక్కినప్పుడు ఇస్త్రీపెట్టె మర్చిపోతోంది. రెండు వేళ్ళు కాల్చుకుంది. బల్ల మీద ఒక తెల్లచొక్కా కాలరు ఒకవైపు లేచి, ఒకవైపు పడుకుని ఉంది. బ్యాంకు మేనేజరు కౌంటరు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. అది ఆయన చొక్కానే.

"ఇదేంటండీ ఇలా ఉంది? ఆవిడ లేరా?"

"మా ఉద్యోగికి ఇవాళ సెలవు."

"నాకు మీటింగుంది. ఇల్లు పైనే కదా, ఒక్క కాలరే కదా. ఒకసారి కేకేసి పిలవండి."

అక్కయ్య ఇస్త్రీపెట్టె దించి, కాలిన వేళ్ళు ఊదుకుంటూ ముందు గదిలోకి వచ్చింది. పాత రోజుల్లో మరక తగువులప్పుడు నిలబడినట్టే కౌంటరు మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"సెలవులో ఉన్న మనిషిని పనికి పిలుస్తారా? మీ బ్యాంకులో అలాగే చేస్తారా? చదువుకున్నవాళ్ళు, చట్టం మీకు నేను చెప్పాలా?"

బ్యాంకు మేనేజరు ఆ చొక్కా తీసుకుని, అలాగే తొడుక్కుని వెళ్ళిపోయాడు. అక్కయ్య కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూసింది. చిన్నావిడ చేతిసంచీ భుజానికి తగిలించుకుని ఎదుటి పేవ్‌మెంటు మీద బస్టాపు వైపు నడుస్తోంది. సముద్రం దాకా వెళ్ళే బస్సు అక్కడే ఆగుతుంది.

"చూడు, పనీపాటా లేకుండా ఎలా తిరుగుతోందో" అంది అక్కయ్య నాతో. తర్వాత కిటికీ రెక్క తీసి, వీధంతా వినపడేలా అరిచింది. "ఏమే, పంపు పెట్టుకున్నావా?"

చిన్నావిడ ఆగలేదు. నడుస్తూనే సంచీ మీద రెండుసార్లు తట్టి చూపించింది.